పసుపు పెట్టిన సిఫారసు

జనగామ,
12 నవంబరు 1984

పురుషోత్తం సారుకు దండాలు.

నేను మీ శిష్యురాలు అరుంధతికి అన్నను, జనగామల పల్లికాయ వ్యాపారం చేస్త. కెనడాల ఎకనామిక్స్ పీహెచ్‌డీ సీటుకని మీరు సీలేసి, మడత మీద సంతకం పెట్టి ఇచ్చిన సిఫారసు కవరును నేను విప్పిన. మంచిపనికి పోయే కాయితానికి మేము నాలుగు మూలల పసుపు పెడ్తం. కవరుకు పెడితే ఏం ఫాయిదా, లోపలి కాయితానికే పెట్టాలె అనుకున్న.

చెల్లె చూసి తల కొట్టుకున్నది. "అన్నా, సీలు విప్పినంక వాళ్లు తీసుకోరు. నా ఏడాది పాయె" అన్నది.

"సారు ఇంకోటి రాస్తడు తియ్యి" అన్న.

కాయితం డిసెంబరు పదిహేను లోపల కెనడాకు చేరాలె. గురువారం పొద్దున మీ ఇంటికొస్త, రాసి పెట్టుండ్రి. ఈసారి కవరు ఆమెనే పోస్టు చేస్తది, నేను ముట్ట.

విప్పినంక చదివిన గూడ, అది నా తప్పే. మీ శిష్యులల్ల ఆమెదే మొదటి నంబరని రాసిండ్రు, గది అట్లనే ఉంచుండ్రి. కాని నెమ్మదస్తురాలు, ఎదురు మాట్లాడదు అని రాసిండ్రు. పల్లికాయ ధర ఎందుకు పడ్డదో నేను ఏం చెప్పినా ఆమె కాదంటది, ఆఖరికి నాతోని ఒప్పిస్తది గూడ. ఆ ఒక్క మాట జర దిద్దుండ్రి సారు.

ఇట్లు,
అరుంధతి అన్న