శిలాఫలకాన్ని బోర్లా వేసినందుకు సంజాయిషీ

విదేశీ పరిచర్య విభాగం కార్యదర్శి గారి సముఖానికి,
వృద్ధుల శరణాలయం, బట్టలుతికే పెరడు నుంచి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య జ్ఞాపకార్థం తమరు పంపిన పాలరాతి ఫలకాన్ని ప్రార్థనా మందిరం గోడకు బిగించకుండా బట్టలుతికే బండగా వాడుతున్నానన్న ఫిర్యాదు – తమరు కోరిన సంజాయిషీ – నన్ను వెనక్కి పిలిపించే ఉత్తర్వును రద్దు చేయాలని మనవి.

తమ ఉత్తర్వు అందింది. ఫిర్యాదులో ఉన్నది నిజమే. కాబట్టి విచారణ సంఘం అక్కర్లేదు. ఫిర్యాదు చేసిన పెద్దమనిషి ఎవరో కూడా నాకు తెలుసు. ఆయన తలగడ గలీబు కూడా ఆ రాయి మీదే ఉతుకుతున్నాం. ఇక జరిగినది జరిగినట్టు మనవి చేసుకుంటున్నాను.

1. నేనూ నా భార్యా మన సంఘం తరఫున ఈ దేశానికి పరిచర్యకు వచ్చాం. తమ రికార్డుల ప్రకారం నేను 'వాక్య బోధకుడు', ఆమె 'బోధకుని భార్య'. ఇక్కడ మంచం దిగలేని ముసలివాళ్లే ఎక్కువ. తెల్లవారితే వాళ్లకు ముందు కావలసింది పొడి దుప్పటి. ఆ తరవాతే వాక్యం. ఆ సంగతి నా భార్య గుమ్మంలో అడుగుపెడుతూనే వాసన పట్టింది. నేను అప్పటికి ప్రసంగం రాసుకుంటున్నాను.

మర్నాటి నుంచి ఆమె పని పెరట్లోనే. తడిసిన దుప్పట్లు పోగుచేయడం, నానబెట్టడం, బండ మీద ఉతకడం, తీగ మీద ఆరేయడం, ఆ తరవాత పొద్దుగూకేదాకా ఆకాశం మీద ఒక కన్నేసి ఉంచడం. ప్రార్థన గంట కొడితే కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక బల్ల మీద కూర్చునేది.

జీతానికి బట్టలుతికే ఇక్కడి ఆవిడకు సబ్బక్క అని పేరు పెట్టింది కూడా నా భార్యే. సబ్బక్క మొదట్లో ఒప్పుకోలేదు. ఆమె అన్నదాన్ని మన మాటల్లో రాస్తున్నాను.

"మీలాంటోళ్లు వస్తారు, ఫొటోలు దిగుతారు, పోతారు. నువ్వేంటక్కా, నా పొట్ట కొట్టడానికొచ్చావా?"

"నీ పొట్ట కొట్టడానిక్కాదే తల్లీ, నీ నడుం నిలబెట్టడానికి. ఆ కొస పట్టుకో, పిండుదాం."

నాకు తెలిసినంతలో మా ఇద్దరి పరిచర్యలో అందరికీ అర్థమైన ప్రసంగం అదొక్కటే.

2. చలికాలంలో ఇక్కడి నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. పెరట్లోకి వేడినీళ్ల బాయిలర్ ఒకటి ఇప్పించమని నా భార్య తమ కార్యాలయానికి పదేపదే రాసింది. "ప్రార్థనలో ఉంచాం" అని ప్రతిసారీ జవాబు వచ్చింది. పోయిన చలికాలం ఆమెకు న్యుమోనియా వచ్చింది. బాయిలర్ లేనందువల్లే ఆమె పోయిందని నేను అనడం లేదు. డాక్టరు కూడా అనలేదు. బాయిలర్ లేదని మాత్రమే అంటున్నాను.

3. ఆమె పోయిన వారంలోనే మన సంఘం నుంచి పదిరోజుల బృందం వచ్చింది. మంచి పిల్లలు. ఒక గదికి రంగు వేశారు, ముసలివాళ్లకు పాటలు పాడారు. వాళ్లలో పత్రికకు రాసే అబ్బాయి ఒకడున్నాడు. మెడలో ఎప్పుడూ కెమెరా ఉండేది గనక ఇక్కడందరూ కెమెరా బాబు అనేవారు. నా పక్కన కూర్చుని, ఫోను ముందు పెట్టి అడిగాడు.

"అంకుల్, ఆంటీ లాస్ట్‌గా ఏమన్నారు?"

"వానొచ్చేలా ఉంది, దుప్పట్లు తియ్యండీ అంది."

"అది కాదంకుల్. కొంచెం ఆత్మీయంగా…"

"ఆత్మీయంగానే అంది బాబూ."

"సరే, దాని తరవాత?"

"దాని తరవాత నేను దుప్పట్లు తియ్యడానికెళ్లాను."

ఫోను ఆపేశాడు. "పోన్లెండంకుల్, నేను చూసుకుంటాను" అన్నాడు.

చూసుకున్నాడు. తమ పత్రిక ప్రకారం నా భార్య రెండు చేతులూ పైకెత్తి, "వెలుగు ద్వారములు తెరువబడుచున్నవి, నన్ను పిలుచుచున్నారు" అని పలికి, నా చెయ్యి పట్టుకుని కన్నుమూసింది. రెండు చేతులూ పైకెత్తినవాళ్లు నా చెయ్యి ఎలా పట్టుకుంటారో పత్రిక వివరించలేదు. నాకు తెలిసి ఆమె చేతులు పైకెత్తేది తీగ మీద దుప్పటి వేయడానికే. నేను ఆ సమయానికి పక్కన లేను, పెరట్లో ఉన్నాను. అందుకు నేను సిగ్గుపడటం లేదు. ఆమె చెప్పిన పని చేస్తున్నాను. గదిలో ఉన్న నర్సు ఆ తరవాత మరో మాట వినలేదు.

సవరణ వేయమని తమకు రాశాను. ఆ మాటలు చదివి ఎందరో విశ్వాసులు ఆదరణ పొందారనీ, ఇప్పుడు సవరిస్తే వారి మనసు నొచ్చుకుంటుందనీ జవాబిచ్చారు. ఆదరణ పొందినవారి మీద నాకు కోపం లేదు. కానీ ఆదరణకు అబద్ధం కావలసివస్తే, మనం ఇంత దూరం వచ్చి ఏం బోధిస్తున్నట్టు?

4. తరవాత ఫలకం వచ్చింది. బాయిలర్ రాని దారినే, చెక్కపెట్టెలో, గడ్డి మధ్య, చెక్కుచెదరకుండా వచ్చింది. పత్రికలోని మాటలే దాని మీద బంగారు అక్షరాల్లో ఉన్నాయి. మేస్త్రీని పిలిచి మందిరం గోడ చూపించాను. అతను గోడను రెండుచోట్ల తట్టి, "సార్, ఈ గోడ ఈ రాయిని మొయ్యదు. కావాలంటే రాయికే గోడను బిగిద్దాం" అన్నాడు.

ఫలకం బిగించకపోవడానికి ఇదే కారణమని రాసి తప్పించుకోవచ్చు. అలా రాయను. గోడ గట్టిదైనా నేను బిగించేవాణ్ణి కాదు.

అప్పటికే పెరట్లో పాత బండ నిలువునా పగిలి ఉంది. సబ్బక్క పెట్టె దగ్గరికొచ్చి చేత్తో నిమిరి చూసింది.

"ఏం రాశారు సార్ దీనిమీద?"

ఇక్కడి భాషలో చదివి చెప్పాను.

"అక్క ఇలా మాట్లాడేదా? ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు."

"మరైతే ఇది ఎవరి రాయి?"

ఆమె వంగి, రాయి అడుగున చెయ్యి పెట్టి తడిమింది.

"తిరగెయ్యండి సార్. వెనకవైపు అబద్ధం లేదు, పైగా గరుకుగా ఉంది. మరక బాగా వదులుతుంది."

మేస్త్రీ, వంటాయన, సబ్బక్క, నేను కలిసి పట్టి బోర్లా వేశాం. నీళ్లు నిలవకుండా ఒక పక్క కాస్త ఎత్తు పెట్టాం. మరక బాగానే వదులుతోంది.

ఆమె పేరు మట్టి వైపు పడిందన్నది తమ అభ్యంతరం. అయ్యా, ఆమె కూడా మట్టి వైపే ఉంది.

5. తమరు పెద్దలతో కలిసి వచ్చే నెల ఆవిష్కరణకు వస్తారనీ, తిరుగు ప్రయాణంలో నన్ను వెంటబెట్టుకుని సంఘాల్లో ఆమె మరణం గురించి సాక్ష్యం చెప్పిస్తారనీ, ఒప్పుకోకపోతే బోధకుడి పదవి పోతుందనీ ఉత్తర్వులో ఉంది.

నేను రాను. వస్తే జరిగిందే చెబుతాను. దుప్పట్లు తియ్యమన్న మాటకు ఎవరూ హల్లెలూయ అనరు.

పదవి తీసేస్తే తీసేయండి. బోధకుడు పోతే ఈ శరణాలయానికి వచ్చే నష్టం నాకు కనబడలేదు. ఉతికేవాడు పోతే మాత్రం ఉంది. తడిసిన దుప్పటి పిండాలంటే రెండు కొసలకూ ఇద్దరు కావాలి. ఒక కొస సబ్బక్కది. రెండోది నా భార్యది. ఇప్పుడు నేను పట్టుకుంటున్నాను. పనిమంతుణ్ణని చెప్పుకోను. "సార్, మీరు పిండితే నీళ్లు మీ మీద జాలిపడి దుప్పట్లోనే ఉండిపోతున్నాయి" అని సబ్బక్క రోజూ దెప్పుతోంది. అయినా ఆ కొస వదిలిపెట్టమని చెప్పే అధికారం తమ ఉత్తర్వుకు ఉందని నేను అనుకోవడం లేదు.

6. కావున తమరు దయచేసి:

(అ) నా భార్య చివరగా అన్న మాటను, అంటే "వానొచ్చేలా ఉంది, దుప్పట్లు తియ్యండి" అన్నదాన్ని, ఒక్క అక్షరం కలపకుండా పత్రికలో వేయించవలసింది.

(ఆ) నన్ను వెనక్కి పిలిచే ఉత్తర్వు రద్దుచేసి, రికార్డుల్లో 'వాక్య బోధకుడు' కొట్టేసి 'బట్టలుతికేవాడు' అని రాయించవలసింది.

(ఇ) బాయిలర్‌ను ప్రార్థనలోంచి తీసి లారీలో పెట్టించవలసింది.

ఇవి తమ చిత్తానికి వస్తే సంతోషం. రాకపోయినా రేపు పొద్దున దుప్పట్లు నానబెడతాను. తమరు స్వయంగా వచ్చి రాయిని లేపి నిలబెట్టదలిస్తే అడ్డుపడను. కాకపోతే ముందు దాని మీద ఉన్నవి ఉతకాలి, పిండాలి, ఆరేయాలి. తమరు ఒక కొస పట్టుకుంటే, రెండో కొసకు నేనుంటాను.

ఇట్లు,
దుప్పట్ల సంగతిలో తప్ప మిగతా అన్నిటా తమ విధేయుడు,
'బోధకుని భార్య'కు భర్త.

తా.క.: ఇది తమకు మాత్రమే, పత్రికకు కాదు. ఆ రోజు దుప్పట్లన్నీ భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చి, "తీశానోయ్, ఒక్కటీ తడవలేదు" అన్నాను. వినపడలేదేమోనని మంచం దగ్గరికెళ్లి మళ్లీ చెప్పాను. నర్సు నా భుజం మీంచి ఒక్కొక్కటే తీసుకుంది. అడుగున ఉన్నదానిలో పొద్దుటి ఎండ వెచ్చదనం ఇంకా పోలేదు. ఆమెకు అదే కప్పాం.

సాయంత్రం దాకా చూశాను. వాన రాలేదు. మబ్బుల విషయంలో ఆమె మాట తప్పిపోవడం అదొక్కసారే.