ఎర్ర ఇసుకకు ఇద్దరం

శుక్రవారం, సూలూరు

పక్క మగ్గం రంగసామి, నేను ఎర్ర ఇసుక దిబ్బలు చూసి రావాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాం. మదురై దాటి ఇంకా కిందికి, సముద్రం దగ్గర, తాటిచెట్లు సగం మునిగేంత ఇసుకట. దారిలో జింకల అడవి కూడా ఉందట.

మిల్లులో మగ్గాల మోతకు మాట వినపడదు. అందుకే ఈ ప్రయాణం గురించి ఇన్నాళ్ళూ అక్కడి అందరిలాగే చేతి సైగలతోనే మాట్లాడుకున్నాం. తలమీద రెండు వేళ్ళు పెడితే జింక. అరచెయ్యి వంచితే దిబ్బ. అతను బస్సు తోలుతున్నట్టు చేతులు తిప్పితే నాకు నవ్వాగేది కాదు. ఇంట్లో వాళ్ళతో కూడా నేనెప్పుడూ ఇన్ని కబుర్లు చెప్పలేదు.

ఈ రోజు షిఫ్టు దిగాక బస్సు సంగతి తేల్చుకుందామని మొదటిసారి టీ కొట్లో కూర్చున్నాం. కూర్చున్నాక ఇద్దరికీ ఒక్క మాట దొరకలేదు. నేనేదో పెద్ద మాటకారినని ఎలా అనుకున్నానో!

చివరికి నేనే, "రేపు సాయంత్రం గాంధీపురం బస్టాండులో బస్సెక్కుదామా తంబీ?" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

"సెరి అన్నా... ఇంట్లో అడిగి చెప్తా," అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

రాడు. రేపు మగ్గాలు మొదలవగానే మళ్ళీ తలమీద రెండు వేళ్ళు పెట్టి నవ్వుతాడు. నేనూ నవ్వుతాను.

ఒక్కడినే పోవచ్చు. ఆ ఇసుకలో గాలి తప్ప ఇంకే చప్పుడూ ఉండదట. నిన్నటిదాకా నాకు బాగా నచ్చింది అదే.