దుర్వాసన మా నానమ్మది కాదని ధ్రువపత్రం కోరుతూ

నివాస సముదాయ నిర్వహణ అధికారి గారి సముఖమునకు,
మూడో బ్లాకు, ఆరో నంబరు ఇంటి నుండి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా స్నానాలగదిలోని దుర్వాసనకు మా నానమ్మ కారణము కాదని తమ కార్యాలయ ముద్రతో ధ్రువపత్రము ఇప్పించుట గురించి; మరియు డాబా మీద తమ సిబ్బంది మూసిన గాలిగొట్టమును తెరిపించుట గురించి.

సూచిక: తమ తనిఖీదారు గారు గత నెల ఇరవయ్యో తేదీన మాకు ఇచ్చిన నివేదిక నకలు.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను పై చిరునామాలో నివసించు బస్సు డ్రైవరు గారి కుమార్తెను. కళాశాలలో మొదటి సంవత్సరం చదువుచున్నాను. ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ, నేను, మొత్తం నలుగురము. నాన్న తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళిపోతారు గనుక అర్జీ వ్రాసే బాధ్యత నాకు అప్పగించారు. తప్పులుంటే అవి నావే.

2. గత నెల తొమ్మిదో తేదీ సాయంత్రం నుండి మా ఇంట్లో దుర్వాసన వచ్చుచున్నది. దుర్వాసన అని వ్రాశాను గానీ, అది చాలా శుభ్రమైన మాట. ఉతికి ఇస్త్రీ చేసినట్టుంటుంది. మా ఇంట్లో ఉన్నది కంపు. తమరు కుర్చీలో కూర్చుని ఊహించుకోవడానికి వీలుగా దాని వివరాలు సమర్పించుచున్నాను. ఉదయం ఆరు గంటలకు అది కుళ్ళిన కోడిగుడ్డు. ఎనిమిదింటికి, పై అంతస్తుల వాళ్ళందరూ తయారై వెళ్ళేసరికి, వారం రోజులు మూతపెట్టి మరిచిపోయిన గిన్నె. మధ్యాహ్నం కాస్త పలచబడి, తడిసి ముక్కిన గోనెసంచి అవుతుంది. సాయంత్రం మళ్ళీ చిక్కబడుతుంది. చిక్కబడుతుందని ఊరికే అనలేదు. గొంతులో పొరలా పేరుకుంటుంది. పళ్ళు తోముకుంటే నురగలో దాని రుచి తగులుతుంది. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటే దాన్నే ముఖానికి రాసుకున్నట్టుంటుంది. ఒకరోజు అమ్మ పాలు కాచి గ్లాసులో పోసి ఇచ్చింది. నోటి దాకా తీసుకెళ్ళి, గ్లాసుతో సహా సింకు దగ్గరికి పరుగెత్తాను. పాలు మంచివే.

3. మేము చేతులు ముడుచుకుని కూర్చోలేదని తెలియజేయుచున్నాను. ఫ్రిజ్జును గోడ నుండి ఇవతలికి లాగాము. దాని వెనుక అడుగున ఒక పళ్ళెం ఉంటుందని, అందులో నీళ్ళు చేరతాయని అంతవరకు మాలో ఎవరికీ తెలియదు. ఆ నీళ్ళ మీద ఆకుపచ్చని మీగడ కట్టి ఉంది. వాషింగ్ మెషిన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడత విప్పితే, నల్లటి జిగురులో నా పాత మేజోడు దొరికింది. రంగును బట్టి కాదు, ఆకారాన్ని బట్టి గుర్తుపట్టాము. స్నానాలగదిలో నీళ్ళు పోయే జాలీ ఎత్తి అమ్మ పుల్లతో లాగిన వెంట్రుకల ఉండ చచ్చిన ఎలుకంత ఉంది. దానికి తోక కూడా ఉంది. ఇవన్నీ తీసి పారేసి, వంటసోడా చల్లి, నిమ్మరసం పోసి, వేడినీళ్ళతో కడిగాము. ఆయా వస్తువుల వాసనలు పోయాయి. మా కంపు పోలేదు. ఫినాయిలు పోస్తే ఫినాయిలు తాగిన మురుగులా తయారైంది. మల్లెపూల స్ప్రే కొట్టాక ఇంట్లో ఎవరికీ మల్లెపూలంటే ఇష్టం లేకుండా పోయింది.

4. నానమ్మ గది స్నానాలగదిని ఆనుకుని ఉన్నది. కంపు అక్కడే ఎక్కువ. మూడేళ్ళ కిందట వచ్చిన జ్వరంలో నానమ్మకు వాసన తెలియడం పోయింది. అందువల్ల మేమంతా ముక్కులు మూసుకుని తిరుగుతుంటే ఆవిడ ఒక్కతే నిశ్చింతగా కూర్చునేది. అదే ఆవిడ మీద మొదటి సాక్ష్యమైంది.

రెండో సాక్ష్యం మా అత్త తెచ్చింది. అత్త అంటే నానమ్మ కూతురే. చూడడానికి వచ్చి, గుమ్మంలోనే చేతిరుమాలు ముక్కుకు పెట్టుకుంది.

"అమ్మా, నిజం చెప్పు. నువ్వు స్నానం చేసి ఎన్నాళ్ళయింది?"

"పొద్దున చేశానే."

"ఎలా చేశావ్? నీళ్ళకి ఒళ్ళు చూపించి వచ్చావా?"

"సబ్బు అరిగిందో లేదో చూసుకో పో."

"సబ్బు సంగతి నాకెందుకు? లే, నేను నీళ్ళు పోస్తాను పద."

నానమ్మ లేచి మళ్ళీ స్నానం చేసింది. ఆవిడ బయటికి వచ్చేసరికి, అయ్యా, కంపు తగ్గింది. నిజంగానే తగ్గింది. అత్త మా అందరి వైపూ చూసింది. అందరూ ముక్కుల మీది చేతులు తీశారు. నేనూ తీశాను.

"నాకు ముక్కు లేదు కదా," అంది నానమ్మ తల తుడుచుకుంటూ. "ముందే చెప్పొద్దూ? ఇన్నాళ్ళూ మీ మధ్యే కూర్చుని తింటున్నాను."

ఆ రోజు నుండి రోజుకు నాలుగు స్నానాలు. చేసిన ప్రతిసారీ గంట, గంటన్నర కంపు ఉండదు. మళ్ళీ వస్తుంది. వచ్చినట్టు మా ముఖాలు చూసి తెలుసుకుని, తువ్వాలు తీసుకుని తనే లేస్తుంది. కంచం బాల్కనీలోకి తీసుకెళ్ళి ఒక్కతే తింటుంది. చిన్నప్పటి నుండి ఆవిడ గదిలోనే పడుకునే నేను, పరీక్షలని చెప్పి నా పక్క హాల్లోకి మార్చుకున్నాను. అప్పటికి పరీక్షలు లేవు. ఇది అర్జీలో వ్రాయవలసిన విషయం కాకపోయినా వ్రాయుచున్నాను.

5. నాన్న చేసిన ఫిర్యాదు మీద తమ తనిఖీదారు గారు ఇరవయ్యో తేదీ ఉదయం పదిన్నరకు విచ్చేశారు. నానమ్మ అప్పుడే స్నానం ముగించుకుని వచ్చింది. వారు స్నానాలగదిలో నిలబడి రెండుసార్లు గాలి పీల్చి, ఇలా వ్రాశారు: "వాసన లేదు. ఇంటిలో వృద్ధురాలు కలదు. వ్యక్తిగత శుభ్రత పాటించవలసినదిగా సూచించడమైనది." నకలు నానమ్మ చేతికే ఇచ్చి వెళ్ళారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకుంది. మడిచి దిండు కింద పెట్టుకుంది. ఆ సాయంత్రం నాన్నతో అంది:

"ఏదైనా వృద్ధాశ్రమం చూడరా. అక్కడ అందరూ నాలాంటి వాళ్ళే. ఒకళ్ళని చూసి ఒకళ్ళు ముక్కు మూసుకోరు."

నాన్న వద్దన్నారు. ఆవిడ అత్తకు ఫోను చేసి చెప్పుకుంది. అత్త ఒక ఆశ్రమం చూసింది. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు వ్యాను వస్తుంది.

6. పోయిన బుధవారం నాలుగో స్నానంలో నానమ్మ కాలు జారి పడింది. ఎముక విరగలేదు గానీ, తుంటి మీద నా అరచేయంత నల్లగా కమిలింది. మర్నాడు ఎక్స్‌రే కోసం అమ్మానాన్నా ఆవిడను పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పదకొండు గంటలకు కంపు ఎప్పుడూ లేనంతగా వచ్చింది. నానమ్మ ఇంట్లో లేదు. లేదు అనే ఆ చిన్న మాటను పట్టుకుని స్నానాలగది గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత జాలీ ఎత్తి, దాని ముందు బోర్లా పడుకుని లోపలికి చూశాను. గోడలకు బూడిదరంగు జిగురు. ఒక బొద్దింక మీసాలు ఆడిస్తూ పైకి వచ్చి, నన్ను చూసి వెనక్కి తగ్గింది. ఒక మగ్గు నీళ్ళు పోశాను. నిమిషంలో కంపు ఆగింది. అంతలో పైన ఎవరో ఫ్లష్ లాగారు. గోడలో నీళ్ళు దడదడా దిగాయి. నా కళ్ళ ముందే ఆ మగ్గెడు నీళ్ళూ, కింద నుండి ఎవరో గొట్టం పెట్టి తాగినట్టు, గుడగుడమంటూ మాయమయ్యాయి. కంపు తిన్నగా నా ముఖం మీదకు వచ్చింది. వాంతి చేసుకున్నాను. అంత సంతోషంగా నేనెప్పుడూ వాంతి చేసుకోలేదు.

7. మన బ్లాకులకు పనిచేసే ప్లంబరు గారిని వెంటనే పిలుచుకొచ్చాను. ఆయన మగ్గుతో నీళ్ళు పోసి, చెవి ఒగ్గి విని, తల ఊపారు.

"జాలీ కింద గొట్టానికి ఒక వంపు ఉంటుంది పాపా. అందులో ఎప్పుడూ నీళ్ళు నిలవుండాలి. ఆ నీళ్ళే తలుపు. అవి ఉన్నంతసేపూ మురుగు గాలి ఇంట్లోకి రాదు."

"మరి ఆ నీళ్ళు ఎవరు తాగేస్తున్నారు?"

"పెద్ద గొట్టం. దానికి డాబా మీద నోరుంటుంది, గాలి పీల్చుకోడానికి. ఆ నోరు నొక్కేస్తే ఏం చేస్తుంది? దొరికిన చోట పీలుస్తుంది. మీది అందరికంటే కింది ఇల్లు. ముందు మీ నీళ్ళే లాగేస్తుంది."

డాబా ఎక్కాము. గొట్టం నోట్లో గోనెగుడ్డ కుక్కి, పైన సిమెంటు మెత్తి ఉంది. బట్టలు ఆరేసుకునే చోట వాసన వస్తోందని పై అంతస్తు వారు అర్జీ పెట్టుకుంటే, తొమ్మిదో తేదీన తమ సిబ్బంది చేసిన పని అది.

"పగలగొట్టండి," అన్నాను.

"అమ్మో, నేను ముట్టుకోను. ఆఫీసు వేసిన మూత అది. సిమెంటుతో పాటు నా పని కూడా ఊడుతుంది."

అయ్యా, నాన్న చీకటితో చేసే స్నానం నీళ్ళు పైవాళ్ళు లేవగానే పోతాయి; అమ్మా నేనూ పొద్దున్నే హడావిడిగా స్నానం చేస్తాము. ఆ వేళ పైన మూడు ఇళ్ళలోనూ ఫ్లష్‌లు ఆగవు. వంపులో పడ్డ నీళ్ళు పడ్డట్టే పోతాయి. నానమ్మ అందరూ వెళ్ళాక, పైఇళ్ళు సద్దుమణిగాక తీరిగ్గా చేస్తుంది. ఆ నీళ్ళు గంట సేపు నిలుస్తాయి. ఆవిడ స్నానం చేస్తే కంపు తగ్గడంలో ఉన్న రహస్యం ఇంతే. ఇంత చిన్న సంగతికి ఒక మనిషిని బాల్కనీలో కూర్చోబెట్టాము.

8. శుక్రవారం తమ కార్యాలయానికి వచ్చాను. గుమస్తా గారు దస్త్రం తీసి చూపించారు. "దుర్వాసన మూలము కనుగొని మూసివేయడమైనది" అని ఉంది.

"అయిపోయిన పని కదా అమ్మాయ్."

"అది పైవాళ్ళ ఫిర్యాదండీ. మాది ఇంకోటి."

"మీదీ అయిపోయింది. ఇదిగో, వాసన లేదని రాశారు." కాగితం ఇంకాస్త చదివి గొంతు తగ్గించారు. "మీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారుగా. మా అమ్మకీ ఇంతే. పౌడరు వేస్తూ ఉండండి."

నేను ఏడ్వలేదు. అర్జీ ఫారం ఇమ్మని అడిగాను. అందులో కారణం వ్రాయడానికి ఒక్క గీతే ఉన్నందున తెల్లకాగితాలు వాడితిని.

9. ఇదంతా నానమ్మకు చెప్పాను. గొట్టం బొమ్మ గీసి చూపించాను. అమ్మ ఒట్టేసి చెప్పింది. నాన్న ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, తప్పయిపోయిందమ్మా అన్నారు. ఆవిడ నాన్న జుట్టు సవరించింది.

"మీరు మంచివాళ్ళు గనక అలా అంటున్నారు."

"కాదు నానమ్మా, ఆ గొట్టం..."

"నేను స్నానం చేస్తే తగ్గుతోందా లేదా? మీరే కదే చెప్పారు." దిండు కింది నుండి నకలు తీసి నా ముందు పెట్టింది. "వీళ్ళకి నా మీద పగా, ప్రేమా? వచ్చారు, చూశారు, రాశారు. కాదని వాళ్ళనే రాయమను, అప్పుడు నమ్ముతాను."

ముక్కు లేని మనిషికి, అయ్యా, కాగితమే ముక్కు. అందుచేత తమను కోరుకొనునది:

(అ) గాలిగొట్టం నోరు తెరిపించి, పై అంతస్తు వారి బట్టలకు వాసన తగలకుండా దానిని మనిషెత్తు పెంచి, పైన వల కట్టించవలెను.

(ఆ) నివేదికలో "ఇంటిలో వృద్ధురాలు కలదు" మొదలుకొని చివరి వరకు కొట్టివేయించవలెను. వృద్ధురాలు ఉన్నమాట నిజమే గానీ, ఆ మాటకు అక్కడ పని లేదు.

(ఇ) సదరు దుర్వాసన సదరు వృద్ధురాలిది కాదని, ఆవిడ చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఒక ధ్రువపత్రం వ్రాయించి, ముద్ర వేసి, శనివారం సాయంత్రంలోగా ఇప్పించవలెను.

మొదటి రెండూ ఆలస్యమైనా ఓర్చుకుంటాము. పైన ఫ్లష్ లాగినప్పుడల్లా ఒక మగ్గు నీళ్ళు పోయడం ప్రస్తుతం నా ఉద్యోగం. దానిని కొనసాగించగలను. మూడోది ఆలస్యమైతే మాత్రం, వ్యాను ఆలస్యం కాదు.

కాగితాలు ఎక్కువయ్యాయని విసుక్కోక, కడదాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఆరో నంబరు ఇంటి డ్రైవరు గారి అమ్మాయి

తా.క.: అర్జీ ముగించాక ఒక సందేహం వచ్చింది. ధ్రువపత్రం అడుగుతున్నదాన్ని, నేను స్వయంగా వాసన చూడనే లేదు కదా అని. ఈ మధ్యాహ్నం నానమ్మ కునుకు తీస్తుంటే వెళ్ళి పక్కన పడుకుని, ఆవిడ మెడ దగ్గర ముక్కు పెట్టాను. అంత దగ్గరికి వెళ్ళి నెల దాటింది. సబ్బు. సబ్బు కింద మళ్ళీ సబ్బు. తలనూనె, ఎండలో ఆరిన నూలుబట్ట, కొంచెం మందుల పెట్టె కలిసిన వాసన ఒకటి ఆవిడకు ఉండేది. భుజం మీద వెతికాను, దుప్పటిలో వెతికాను. ఎక్కడా లేదు. మొత్తం కడిగేసుకుంది.

"ఏమైనా వస్తోందా?" అంది, కళ్ళు తెరవకుండానే.

"ఏమీ రావడం లేదు నానమ్మా."

"హమ్మయ్య," అని అటు తిరిగి పడుకుంది.

అయ్యా, శనివారం దాకా ఆగకండి.