తెల్లవారుజామున మోగే హారన్

అమ్మా,

ఫోనులో చెప్పబోయి రెండుసార్లు పెట్టేశాను, అందుకే రాస్తున్నాను. ఎదురింటి టైలరన్నతో చదివించుకో.

నువ్వు అమ్మకానికి పంపిన మన వ్యాన్ ఇప్పుడు నేను పనిచేసే పాత బండ్ల రిపేరు షెడ్డులోనే ఉంది. గుండ్రటి మూతి, రెండు ముక్కల ముందద్దం, లోపల మడత మంచం, చిన్న వంటగట్టు. ఒకప్పుడు కలిగినవాళ్ళు సెలవులకు ఊళ్ళు తిరగడానికి చేయించుకున్న బండి అది. పాత ఇనుము కింద తూచేస్తుంటే నాన్న కొని, అందులోనే మనల్ని తిప్పుతూ, స్టవ్వులు బాగుచేసి బతికించాడు. ఇప్పుడు దాన్ని చూడటానికి జనం ఆగిపోతున్నారు. కొనబోయే పెద్దాయన నిన్న తలుపు నిమురుతూ, "ఇలాంటివి ఇక పుట్టవమ్మా" అన్నారు. మనం చలికి ముడుచుకుని పడుకున్న చోటు ఆయనకు ముచ్చట. కోపం రాలేదు నాకు, దిగులేసింది.

అసలు సంగతి ఇది. నాన్న పోయిన దగ్గర్నుంచి మంచు కురిసిన తెల్లవారుజామున ఆ హారన్ దానంతటదే మోగేది కదా. నువ్వు పొయ్యి దగ్గర్నుంచే "వస్తున్నా, ఆగు" అనేదానివి. నేను దుప్పటి కింద వణికిపోయేదాన్ని. మొన్న మంచు పొద్దున షెడ్డులోనూ మోగింది. చేతిలో బ్రష్షు పారేసి "వస్తున్నా నాన్నా" అంటూ పరుగెత్తాను. మేస్త్రీ ఒకటే నవ్వు. "ఏంటమ్మా, డిప్లొమా చదివి దయ్యాలతో కబుర్లా?"

స్టీరింగు గొట్టం విప్పి చూశాను. లోపల వైరు తొడుగు అరిగిపోయి, తడి తగిలినప్పుడు కరెంటు ఇనుములోకి పోయి, మీట నొక్కినట్టే హారన్ మోగుతోంది. అంతే. టేపు చుడితే ఇక మోగదు. మన ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని, తెలిసీ చెయ్యాడటం లేదు. నాన్న గొంతు నేనే నొక్కినట్టుంటుందని. పైగా నాన్న పోయాక ఏళ్ళ తరబడి మన వాకిట్లో కదలకుండా పడున్న బండిలో బ్యాటరీకి అంత సత్తా ఎక్కడిదో అంతుపట్టడం లేదు. వచ్చే వారం బండి ఇచ్చెయ్యాలి. చుట్టమంటావా, వద్దంటావా?

నీ బుడంకాయ

*

బుడంకాయకి,

నేను చెబుతుంటే టైలరన్న రాస్తున్నాడు. కాగితం మీద తడి ఆయనదే, నాది కాదు.

వైరు సంగతి నాకు ముందే తెలుసు. మీ నాన్నే చూపించాడు. "చుడతాలేవే, తొందరేముంది" అని, చుట్టకుండానే పోయాడు. బ్యాటరీకి సత్తా ఎక్కడిదంటావా? నువ్వు కాలేజీకి వెళ్ళాక దాన్ని టైలరన్న సైకిలు మీద పంపించి చార్జింగు పెట్టించింది నేనే. ఆ చప్పుడు కూడా ఆగిపోతే పొద్దున్నే ఎవరితో మాట్లాడాలో తెలియక. నువ్వు వణికేదానివని ఇప్పుడేగా తెలిసింది! ఒక్క మాట చెబితే అప్పుడే పీకి పారేసేదాన్ని కదే, పిచ్చిదానా.

చుట్టెయ్యి. ఆ మేస్త్రీ చేత వద్దు, నువ్వే చుట్టు. మీ నాన్న మిగిల్చిపోయిన పని పరాయి చేతిలో పడకూడదు.

చుట్టాక కూడా మంచు పొద్దున అది మోగిందంటే మాత్రం, ఉత్తరం రాస్తూ కూర్చోకు. ఫోను చెయ్యి. ఉన్నపళంగా బయల్దేరతాను.

మీ అమ్మ