మిరపకాయ చేతులు

అక్కా,

నువ్వు పోయాక మొదటిసారి ప్రత్తిపాడు వెళ్లి సినిమా చూశాను. హాల్లో నేల క్లాసు తీసేసి అంతా కుర్చీలు వేశారు. నీ హీరోయిన్ ఈసారి తల్లి వేషం వేసింది. నువ్వుంటే ఆ డైరెక్టరుకి తిట్లు తప్పేవి కావు.

మన సినిమాల నోటుబుక్కులో ఆవిడ భక్తి సినిమా, దెయ్యం సినిమా, కామెడీ అన్నీ ఉన్నాయి. నువ్వు చెబితే నేను రాసినవే. కామెడీ పక్కన మాత్రం "అక్క దీనికీ ఏడ్చింది" అని వెక్కిరింతగా నేనే చేర్చాను. ఎందుకేడ్చావని ఆరోజు అడిగితే, "మిరపకాయలు కోసిన చేతులురా, కళ్లు నులుముకున్నాను" అన్నావు.

ఇవాళ పక్క సీట్లో ఒకావిడ కళ్లు తుడుచుకుంటోంది. నీ మాట గుర్తొచ్చి, "మిరపకాయ చేతులా అమ్మా?" అన్నాను.

"శ్రావణంలో కాయలెక్కడివయ్యా? ఇంకా మొక్కే నాటలేదు" అంది.

ఆ కామెడీ కూడా మనం శ్రావణంలోనే చూశాం. నువ్వు అత్తగారింటి నుంచి ఒక్కదానివే వచ్చేసిన నెల. ఆరోజు హాలంతా పడీపడీ నవ్వుతోంది.

మిరప పండించేవాణ్ణి, కాయలు ఎప్పుడొస్తాయో నాకు తెలియదా అక్కా. ఇంకేమీ అడక్కుండా ఉండటానికి ఆ మాట నాకూ సరిపోయింది.