నిన్నటి పులుసు

ఏవండీ శ్రీవారూ,

మీతో మాట్లాడదామంటే ముందు ఏడుపొస్తుంది. ఏడిస్తే మీరు నవ్విస్తారు. నవ్వితే ఇంక అడగాల్సింది అడగలేను. అందుకే రాసి క్యారేజీ సంచిలో పెడుతున్నాను. క్యారేజీలో పెరుగన్నమే ఉంది, పులుసు కోసం వెతక్కండి.

నిన్న పొద్దున కూరల బజారులో పిన్నిగారు కనిపించారు, మీ ఫ్యాక్టరీలో స్టోర్సు చూసే బాబాయిగారి భార్య. "మీ ఆయనకి ఆ జ్వరం తర్వాత రుచీ వాసనా పోయాయట కదమ్మా, ఇంకా అలాగే ఉందా పాపం?" అన్నారు. చేతిలో వంకాయ చేతిలోనే ఉండిపోయింది. "ఆఁ, అలాగే ఉందండీ" అన్నాను, నాకూ తెలిసినట్టే. కట్టుకున్నదానికి తప్ప అందరికీ తెలుసని ఏ మొహంతో చెప్పను?

అయినా నమ్మలేదు. అందుకే నిన్న మధ్యాహ్నం పులుసులో ఉప్పు వెయ్యలేదు, పులుపు వెయ్యలేదు. రంగు కోసం ఇంత కారం కలిపి వట్టి నీళ్ళలో చేపముక్కలు ఉడికించి వడ్డించాను. మీరు వేళ్ళు నాక్కుంటూ "ఇవాళ అదిరిందోయ్ పప్పుచారూ" అన్నారు. నేను లోపలికెళ్ళి కుళాయి తిప్పాను, ఏడుపు మీకు వినపడకూడదని.

పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టనిదాన్ని నేను, మీరు నన్ను పప్పుచారూ అని పిలిచేది అందుకేగా. మీరు చేపలంటే ప్రాణం పెడతారని, ఈ దేశం వచ్చాక చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని చేపల కొట్టు గుమ్మం ఎక్కాను. కొట్టు ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకి రాదు. మొప్పలు ఎత్తి ఎరుపు చూపించింది, వేలు పెట్టి నొక్కించి గుంట పడకూడదని నేర్పింది. చేపల పేర్లు తెలియక నేనే పెట్టుకున్నాను, వెండిది, మీసాలది, మూతి వంకరది అని. చింతపండు దొరక్కపోతే ఇక్కడి పుల్లకాయలు ఉడికించి పిసికాను. వండడమే గానీ నేను నోట పెట్టలేను కదా. మీ నాలుకే నా నాలుక అనుకున్నాను.

మీరేమో తినేటప్పుడు "బ్రహ్మాండం" అని ఊరుకుని, మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చి "నిన్నటి పులుసులో పులుపు ఒక్క పిసరు ఎక్కువైందోయ్" అనేవారు. ఎంత ఆలోచించి చెబుతున్నారో అని మురిసిపోయాను. ఎంత బాగా నా చెవిలో పువ్వులు పెట్టారండీ!

నాకు చెప్పకుండా బాబాయిగారికెందుకు చెప్పారు? అది చెప్పండి చాలు. ఇక మీదట మీరేది బాగుందన్నా నమ్మను. నన్ను బాగున్నావన్నా సరే.

ఇట్లు,
మీ పప్పుచారు


పప్పుచారూ,

క్యారేజీ విప్పలేదు. విప్పబుద్ధి కాలేదు.

జ్వరం తగ్గాక ఏం తిన్నా మట్టి నమిలినట్టే ఉంది. నీకు చెబుదామనే ఆ సాయంత్రం వచ్చాను. గుమ్మంలోనే నువ్వు "ఏవండీ, మీసాలది దొరికింది, ఆవిడతో బేరం కూడా ఆడాను!" అని గంతులేశావు. ఆ చేపల కొట్టు అలవాటయ్యేదాకా కిటికీ పక్కన కూర్చోవడం తప్ప ఇల్లు కదలని మనిషివి. ఇక చేపలెందుకులే అంటే మళ్ళీ ఆ కిటికీ దగ్గరికే పోతావని నోరు పెగల్లేదు.

అందుకే బాబాయికి చెప్పుకున్నాను. మర్నాడు క్యారేజీలో నువ్వు పెట్టే పులుసు సగం ఆయనే తింటాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. పులుపు ఎక్కువైందన్నా, ముక్క విరిగిందన్నా, చెయ్యి తిరిగిందిరా అన్నా ఆయన మాటే, ఇంటికొచ్చి నీకు అప్పగించాను. తినేటప్పుడు అనే 'బ్రహ్మాండం' ఒక్కటే నా సొంతం, నిన్న ఆదివారం అక్కడే దొరికిపోయాను. నీ వంట నిజంగానే బాగుంటుందే. నాలుకే నాది కాదు.

తిట్టు, కానీ మాట్లాడు.

నీ
శ్రీవారు


ఏవండీ,

చదివాను. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నేను ముక్కు మూసుకుని వండింది బాబాయిగారి బొజ్జ కోసమన్నమాట!

నా సరదా పోతుందని దాచానంటున్నారు. నా సరదా చేప కాదండీ, మీరు తింటుంటే చూడడం. అదే మీరు నటించారు. మీరు మట్టి నములుతుంటే నేను ఎదురుగా కూర్చుని మురిసిపోయానంటే, తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. మీ కష్టంలో బాబాయిగారికి వాటా ఇచ్చారు, నాకివ్వలేదు. ఆ కోపం ఇంకా పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను.

బజారు మాత్రం మానను. ఇవాళా వెళ్ళాను. కొట్టు ఆవిడ వెండిదాన్ని ఎత్తి చూపిస్తే వద్దని చెయ్యి ఊపి, పక్క వీధిలో లేత వంకాయలు కొన్నాను. రేపు సెలవు పెట్టండి, ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఇవాళ్టి నుంచి ఇద్దరికీ ఒకటే కూర. మీ ఎదురుగా కూర్చుని నేనూ తింటాను. ఉప్పు చాలిందో లేదో, అడుగంటిన వాసనొస్తోందో, అన్నీ నేను చెబుతాను. నేను తినేదైతే కదా మీకు చెప్పగలిగేది.

ఈ చీటీ గుమ్మంలో పెడుతున్నాను. కూర పొయ్యి మీద ఉంది, చదవగానే లోపలికి రండి. బాగుందని మాత్రం అనకండి.

పప్పుచారు