పది సున్నాలు, ఒక ఒకటి

రాత్రి డ్యూటీలతో కళ్లు ఎర్రబడి కూర్చున్న మా అక్కకి,

నీ పిచ్చుక రాస్తోంది. ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకని విసుక్కోకు. ఫోనులో నేను ఒక ముక్క అనేలోపు నువ్వు పది అంటావు. ఉత్తరంలో అయితే చివరిదాకా మాట నాదే. మీ ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర నాకు ఉద్యోగం మాట్లాడిపెట్టావు, ఏ సంగతీ వేసవి సెలవుల్లోగా చెప్పమన్నావు. ఇప్పుడే చెబుతున్నాను, నేను రాను. కోపం పక్కన పెట్టి మిగతాది కూడా చదువు.

నేను చేసే పని ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పనే లేదు. 'ఏదో బళ్లో' అని ఊరుకున్నాను. దీన్ని చేయూత తరగతి అంటారు. మూడు, నాలుగు తరగతులకు వచ్చి కూడా అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లల్ని, తీసివేత అంటే బిక్కమొహం వేసే పిల్లల్ని రోజూ మధ్యాహ్నం విడిగా కూర్చోబెట్టుకుని మొదటినుంచీ నేర్పాలి. ఖర్చంతా ప్రభుత్వానిదే. నా ఉద్యోగం మాత్రం ఏడాదికోసారి ఒప్పందం కాగితం తిరగరాస్తేనే ఉంటుంది. బడి వెనక ఆటసామాను పడేసే గది మాకిచ్చారు. ఎంత ఊడ్చినా గాలిపోయిన బంతుల వాసన పోదు. మిగతా పిల్లలు దానికి మొద్దుల గది అని పేరు పెట్టారు. మొదట్లో నా పదకొండు మందీ గోడవారగా దొంగల్లా వచ్చేవారు. ఎవరైనా చూస్తే మంచినీళ్లకు వచ్చినట్టు కుళాయి దగ్గర ఆగి, దాహం లేకపోయినా తాగి, ఆ తర్వాత లోపలికి దూరేవారు.

వాళ్లలో ఒకతెకు లాయరు అని పేరు పెట్టాను. ఇస్త్రీ బండి ఆవిడ కూతురు. దేనికైనా వాదన. ఒకరోజు నలభై రెండులోంచి పదిహేడు తీసెయ్యమన్నాను. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పక్కనున్న నాలుగు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకోమన్నాను. పిల్ల చేతులు కట్టుకుని నిలబడిపోయింది. వాళ్లమ్మ ఎవరి దగ్గరా చేబదులు తీసుకోవద్దందట. తీసుకోకపోతే లెక్క తెగదన్నాను. "పోనీ తీసుకుంటాను టీచర్. మళ్లీ ఎప్పుడు ఇచ్చెయ్యాలి?" అని అడిగింది. ఆలోచించి చూడక్కా, లోకమంతా ఆ పక్కంకె దగ్గర అప్పు తెచ్చుకోవడమే తప్ప తిరిగిచ్చిన పాపాన పోయినవాళ్లు లేరు. మర్నాడు పుల్లలు పదేసి కట్టలు కట్టి తీసుకెళ్లాను. ఒక కట్ట విప్పి, ఇది అప్పు కాదే తల్లీ, మన కట్టే మనం విప్పుకుంటున్నాం అని చూపించాను. "అలా చెప్పండి మరి" అని, కూర్చుని అయిదు లెక్కలు వరసగా చేసేసింది. నేను ఏ శిక్షణలోనూ ఇంత నేర్చుకోలేదు.

ఇంకొకతె బుడిగి. గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. ఒత్తులంటే దానికి పడదు. 'కుక్క' రాయమంటే 'కుక' అని రాస్తుంది. కుక్కకు తోక మరిచిపోయావే అంటే, పాపం, అక్షరం పక్కన ఒక వంకర తోక గీసి చూపించింది. నేను నవ్వితే అదీ నవ్వింది. ఆ నవ్వులోనే ఒత్తు కిందికి దిగింది. ఎందుకయ్య అని ఒక పిల్లవాడున్నాడు. వాడికి ప్రతిదానికీ ఎందుకు అన్నదే మాట. మొన్న కిటికీలోంచి ఎదురుగోడ మీద రాతను ఒక్కో అక్షరం పట్టుకుని లాగుతూ లాగుతూ 'ఇక్కడ బండ్లు నిలపరాదు' అని పూర్తిగా చదివేశాడు. ఏడాది మొదట్లో వాడికి తన పేరు చదవడం కూడా వచ్చేది కాదు. నేను సంతోషంతో చప్పట్లు కొడితే, వాడు ఆ గోడకింద వరసగా నిలిపిన బండ్లను చూపించి "మరి ఎందుకు నిలిపారు టీచర్?" అన్నాడు.

ఇప్పుడు చెప్పు, వీళ్లను వదిలి నేను బల్ల దగ్గర ఎలా కూర్చోను? వచ్చే వారం పై ఆఫీసు నుంచి వచ్చి పరీక్ష పెడతారట. మావాళ్లు దుమ్ము దులిపేస్తారు, చూస్తూ ఉండు.

నీ మాట వినని
పిచ్చుక


అక్కా,

నీ మాటే నెగ్గింది. ఆ బల్ల దగ్గరి ఉద్యోగానికి వస్తానని చెప్పు.

పరీక్ష అయిపోయింది. కళ్లజోడు పెట్టుకున్న ఒక మేడమ్ వచ్చి, నన్ను బయట కూర్చోబెట్టి, పిల్లలచేత రాయించి, అక్కడికక్కడే దిద్దింది. చిన్న చిన్న మాటలు, చిన్న చిన్న లెక్కలు. పది మందికి సున్నా వచ్చింది. బుడిగికి ఒకే ఒక మార్కు. మేడమ్ నా వంక జాలిగా చూసి సంచీ భుజాన వేసుకుంది. హెడ్మాస్టరుగారైతే పోనీలెండమ్మా, మీరు మాత్రం ఏం చేస్తారు, మట్టిబుర్రలు అన్నారు. తిట్టినా బాగుండేది.

తప్పు బుర్రలది కాదక్కా, నాది. అమ్మ పక్కింటావిడతో అనేది చూడు, 'మా పెద్దదానికి చదువుంది, చిన్నదానికి చదువు అబ్బకపోయినా మనసు వెన్న' అని. ఆ మాట నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. పొగిడిందనుకుని సంతోషించాలో, పోయి ఏడవాలో తెలియక ఆ తలుపు గొళ్లేన్ని అలా ఆడిస్తూ నిలబడిపోయాను. ఇన్నేళ్లయినా ఎవరైనా నా మనసు మంచిదంటే ఒళ్లు మండుతుంది. నాలుగో తరగతిదాకా నాకు చదవడం రాదని నీకొక్కదానికే తెలుసు. నువ్వు పాఠం చదివి వినిపిస్తే కంఠతా పట్టి, బళ్లో చదువుతున్నట్టు అప్పజెప్పేదాన్ని. ఒకసారి పుస్తకం తలకిందులుగా పట్టుకుని మరీ గడగడా చదివేశాను. తరగతంతా పడి పడి నవ్వింది. ఆ తర్వాతే నువ్వు పట్టుపట్టి నాకు నిజంగా నేర్పావు.

అందుకే ఈ పనిలో చేరాను. ఆ నవ్వు మరో పిల్లమీద పడకూడదనుకున్నాను. నువ్వు నాకు చేసింది నేను పదకొండు మందికి చెయ్యగలనని మురిసిపోయాను. నా ముందు బాగా చదివిన పిల్లలు పరీక్ష కాగితం ముందు ఒక్క మాటా రాయలేకపోయారంటే, నేనూ వాళ్లకు చిలకపలుకులే నేర్పానన్నమాట. వెన్నలాంటి మనసుతో ఎవరికీ చదువు రాదు. అమ్మ సరిగ్గానే చెప్పింది.

రేపు వెళ్లి గోడమీది బొమ్మలు ఊడదీసుకుని గది తాళం ఇచ్చేస్తాను.

నీ
పిచ్చుక


ఈపాటికి నామీద నిప్పులు చెరుగుతూ ఉండే మా అక్కకి,

వస్తానన్నదాన్ని రానని ఫోనులో ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. ఎందుకో బడి తెరిచాక చెబుతానన్నాను. నా కాగితం తిరగరాస్తారో లేదో తేలకుండా నోరు విప్పాలంటే భయం వేసింది. ఇప్పుడు తేలిపోయింది. స్థిమితంగా కూర్చుని చదువు.

నీకు ఆ ఏడుపు ఉత్తరం రాసిన మర్నాడు గదిలో బొమ్మలు ఊడదీస్తున్నాను. గుమ్మం దగ్గర ఎవరో వెక్కుతున్న చప్పుడు. చూస్తే బుడిగి. పలక పట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ నిలబడింది.

"నేనే చెడగొట్టాను టీచర్" అంది.

ఏం చెడగొట్టావే అంటే, ఇంకా గట్టిగా ఏడ్చింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను.

"ఒకటి ఒప్పు రాసేశాను. పొరపాటున. అందరూ నాతో పచ్చి కొట్టేశారు, మాట్లాడటం లేదు."

మెల్లిగా కూపీ లాగితే మొత్తం బయటపడింది. పరీక్షకు ముందు ఒకరోజు, పిల్లలంతా చకచకా చదివేస్తుంటే నేను మురిసిపోయి, మీకన్నీ వచ్చేస్తే ఇక నాతో పనేముంది, నన్ను ఇంటికి పంపించేస్తారు అని నవ్వుతూ అన్నానట. నాకా మాట అన్నట్టే గుర్తులేదు. వాళ్లు మాత్రం నవ్వలేదు. సాయంత్రం సైకిళ్ల షెడ్డు వెనక సభ పెట్టారు. లాయరు అధ్యక్షురాలు. ఎవ్వరూ ఒక్కటి కూడా ఒప్పు రాయకూడదని తీర్మానం. ఖాళీగా వదిలితే అనుమానం వస్తుందని అన్నీ నింపి మరీ తప్పు రాయాలని నియమం.

అక్కా, అన్నీ తప్పు రాయాలంటే ముందు ఒప్పేదో తెలియాలి కదా. తెలియనివాడికి గుడ్డిగా రాసినా ఒకటో రెండో తగులుతాయి. పది మంది పిల్లలు ఒక్క ఒప్పు కూడా తగలనీయకుండా తప్పించుకుంటూ పోయారంటే వాళ్లకు ఎంత వచ్చినట్టు? నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో బుడిగికి అర్థం కాక, తన పలకతో నాకు గాలి విసరడం మొదలుపెట్టింది.

హెడ్మాస్టరుగారు మొదట నమ్మలేదు. నా పిల్లల్ని నేను వెనకేసుకొస్తున్నాననుకున్నారు. అప్పటికప్పుడు ఎందుకయ్యను పిలిచి, తన బల్లమీది వార్తాపత్రిక చదివించారు. వాడు పొద్దునే వచ్చిన వార్తను తడబడుతూనే అయినా చివరిదాకా చదివి, ఆ మంత్రిగారు మాట ఎందుకు మార్చారని ఆయన్నే అడిగాడు. ఆయన కుర్చీలోంచి లేచి తానే ఫోను చేసి మేడమ్‌ను మళ్లీ పిలిపించారు.

మేడమ్ చిరాగ్గానే వచ్చింది. కొత్త కాగితాలు ఇచ్చింది. ఈసారి నేను మా వాళ్లకు ఒక్కటే చెప్పాను, నాకోసం కాదు, మీకు ఎంతొచ్చో అంత రాయండి అని. పదకొండు మందీ గట్టెక్కారు. లాయరుకు లెక్కల్లో ఒక్క తప్పూ లేదు. మేడమ్ దాన్ని దగ్గరికి పిలిచి, మొదటిసారి తప్పులెందుకు రాశావని గద్దించింది.

లాయరు బెదరలేదు. "కాగితం మీద జవాబులు రాయమని ఉంది మేడమ్. ఒప్పు జవాబులే రాయమని ఎక్కడా లేదు."

మేడమ్ కాగితం తిప్పి చూసింది. నిజంగానే లేదు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. తర్వాత పిల్లలందర్నీ కూర్చోబెట్టి, మీకు మార్కులొస్తే టీచరు ఉద్యోగం పోతుందని ఎవరన్నారు, ఇంకా చదవడం రాని పిల్లలు ఊళ్లో ఉన్నంతకాలం ఈ తరగతి ఉంటుంది, మీ టీచరూ ఉంటుంది అని వివరంగా చెప్పింది. వెళ్లేముందు నావైపు తిరిగి, "నేను చాలా బళ్లు తిరిగానమ్మా. తప్పులు రాయడానికి కూడా ఇంత కష్టపడ్డ పిల్లల్ని చూడలేదు" అంది. కాగితం తిరగరాస్తానని మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది.

ఆ పూట ఇంటికొచ్చి అమ్మతో జరిగిందంతా చెప్పాను. విని, అంతా అయ్యాక, "ఆ పిల్లలకు నేర్పింది నువ్వేనా?" అంది. నేనే అన్నాను. "మరి నాకెప్పుడూ చెప్పలేదేం" అని, పక్కింటావిడకు చెప్పాలని చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయింది. ఈసారి తలుపు వెనక నిలబడి వినాల్సిన అవసరం లేకపోయింది. వీధి చివరిదాకా వినిపించింది.

ఇక నిన్నటి సంగతి. బడి తెరిచారు. నా పదకొండు మందీ మామూలు తరగతుల్లోకి వెళ్లిపోయారు. కొత్త పిల్లలు ఎంతమంది వస్తారో, అసలు వస్తారో రారో అనుకుంటూ గది తలుపు తీశాను. మధ్యాహ్నం గంట కొట్టగానే గుమ్మం దగ్గర గలాటా. ముందు లాయరు, వెనక నా పాతవాళ్లంతా. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బుడతడి చెయ్యి. గోడవారగా కాదు, ఆటస్థలం నడిమధ్యనుంచి ఊరేగింపులా వచ్చారు. రాని పిల్లలుంటే చాలని మేడమ్ అంది కదా, సెలవులంతా వీధి వీధీ తిరిగి వెతికారట.

"ఇరవై మందిని చూశాం టీచర్" అంది లాయరు. "ఎందుకయ్య తెచ్చినవాడికి తీసివేతలు వచ్చేశాయి. పనికిరాడని పంపించేశాం. వీడికి మాత్రం ఏమీ రాదు. నేనే పరీక్ష పెట్టాను."

'వీడు' రొమ్ము విరుచుకుని ముందుకొచ్చాడు. "నాకు అ కూడా రాదు" అన్నాడు, పతకం గెలిచినవాడిలా. వెనకున్న పిల్ల ఊరుకోలేదు, తనకు అంతకంటే తక్కువ వచ్చని గొడవకు దిగింది. ఇద్దర్నీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని సుద్దముక్క అందుకున్నాను.

ఆ బల్ల దగ్గర ఇంకెవరినైనా చూసుకోమని మీవాళ్లతో చెప్పు అక్కా. నాకు బొత్తిగా తీరిక లేదు.

సుద్ద చేతులతో
నీ పిచ్చుక